ఆర్డర్ ముందు, పేజీలు తర్వాత: కోడింగ్ వచ్చినవాళ్లకు ఈ-కామర్స్ నేర్పే పద్ధతి

ఒక భాషలో ధీమాగా కోడ్ రాసి, డేటాబేస్ వాడి, నాలుగైదు ఏపీఐలు (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పని అడిగే దారులు) కట్టిన విద్యార్థికి ఈ-కామర్స్ అప్లికేషన్ తేలిక పనిలా కనిపిస్తుంది. ప్రొడక్ట్ లిస్ట్, కార్ట్, లాగిన్, చివర్లో ఒక పేమెంట్ బటన్, అంతే కదా అంటారు. చాలా కోర్సులు కూడా ఇదే వరసలో నడుస్తాయి. దాంతో ఎక్కువ వారాలు పేజీలకే పోతాయి. డబ్బు కట్ అయినా ఆర్డర్ పడకపోవడం, ఒకే చీర ఇద్దరికి అమ్ముడుపోవడం, వెనక్కి వచ్చిన చొక్కాకు ఎంత తిరిగివ్వాలో తేలకపోవడం లాంటి అసలు విషయాలు ఆఖరి వారంలో హడావిడిగా ముగుస్తాయి. అనుభవం ఉన్న బ్యాచ్‌కు ఈ వరసను తిరగెయ్యండి. మొదటి ఐదు వారాలు పేజీల హంగులు లేకుండా ఆర్డర్ మీద పని చేయించి, పేజీలను చివరికి పెట్టండి.

కింద చెప్పేది 8 వారాల కోర్సు. వారానికి రెండు గంటల క్లాసులు రెండు, మూడు గంటల ల్యాబ్ ఒకటి. ముగ్గురేసి ఒక జట్టు. ఒక్కరే చేస్తే కోడ్‌ను ఇంకొకరు తప్పుపట్టే అవకాశం ఉండదు, ఐదుగురైతే ఇద్దరు చూస్తూ కూర్చుంటారు. భాష, ఫ్రేమ్‌వర్క్ వాళ్ల ఇష్టం. డేటాబేస్ మాత్రం అందరికీ ఒకటే పెట్టండి, పోస్ట్‌గ్రెస్ అయితే మంచిది. లాకులు (ఒకరు మారుస్తున్న వరసను ఇంకొకరు మార్చకుండా ఆపేవి), ట్రాన్సాక్షన్లు (అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదన్న మార్పుల కట్టలు) ఒక్కో డేటాబేస్‌లో ఒక్కోలా ప్రవర్తిస్తాయి కాబట్టి నలుగురు నాలుగు రకాలు వాడితే పాఠం చెప్పడం కష్టం.

మొదటి రోజు గంటసేపు ఒక పరీక్ష పెట్టండి. రెండు బ్యాంకు ఖాతాల టేబుల్ ఇచ్చి, ఒకదాన్నుంచి ఇంకోదానికి డబ్బు మార్చే ఏపీఐ రాయమనండి. మధ్యలో ప్రోగ్రామ్ ఆగిపోతే ఏమవుతుందో రెండు వాక్యాల్లో రాయమనండి. ట్రాన్సాక్షన్, రోల్‌బ్యాక్ (సగంలో ఆగిన మార్పులను వెనక్కి తీసుకోవడం) ఎందుకో చెప్పలేనివాళ్లు సగానికి మించి ఉంటే మొదటి వారం మొత్తం దానికే ఇవ్వాలి. అది రాకుండా ముందుకు వెళ్తే నాలుగో వారంలో క్లాసు కూలబడుతుంది.

ఏ దుకాణం తీసుకోవాలి

పెద్ద మార్కెట్‌ప్లేస్‌ను నమూనాగా పెట్టకండి. అమ్మకందారు ఒక్కరే ఉన్న చిన్న దుకాణం చాలు, కానీ సరుకు ఇబ్బంది పెట్టేదై ఉండాలి. కాకినాడలో ఉప్పాడ జాందానీ చీరలు, రెడీమేడ్ చొక్కాలు అమ్మే ఊహా దుకాణం ఈ కోర్సుకు బాగా సరిపోతుంది. నేసిన ప్రతి చీరా ఒక్కటే, అంటే నిల్వ ఎప్పుడూ 1. చొక్కాలకు సైజు, రంగు కలిపి ఒక్కో డిజైన్‌కు పన్నెండు పదిహేను రకాలు, వాటిలో నీలం నలభై సైజు ఉంటుంది, ఎరుపు నలభై అయిపోయి ఉంటుంది. కాకినాడ నుంచి యానాం దగ్గరే, అయినా అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, పన్ను లెక్క మారుతుంది. నిల్వ, వేరియంట్లు (సైజు, రంగు రకాలు), పన్ను మూడూ ఈ ఒక్క దుకాణంలోనే దొరుకుతాయి.

టేబుళ్లు, పైసలు

మొదటి వారం టేబుళ్లు గీయించండి. ఇక్కడ మూడు తప్పులు దాదాపు ప్రతి జట్టూ చేస్తుంది.

మొదటిది, ధరను ఫ్లోట్‌లో (దశాంశాలను కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచే రకంలో) పెట్టడం. 0.1కి 0.2 కలిపి ప్రింట్ చేయించండి. 0.30000000000000004 కనిపించాక ఎక్కువ చెప్పాల్సిన పని ఉండదు. డబ్బంతా పైసల్లో, పూర్ణసంఖ్యగా ఉండాలి. రూ. 1,499 అంటే 1,49,900. రూపాయల్లోకి మార్చేది స్క్రీన్ మీద చూపించే చివరి క్షణంలోనే.

రెండోది, ఆర్డర్ లైన్‌లో ప్రొడక్ట్ ఐడీ మాత్రమే పెట్టి, ధరను ప్రొడక్ట్ టేబుల్ నుంచి తెచ్చుకోవడం. దుకాణదారు రేపు ధర మారిస్తే నిన్నటి బిల్లు కూడా మారిపోతుంది. ఆర్డర్ పడిన క్షణానికి ఉన్న పేరు, ధర, డిస్కౌంట్, పన్ను రేటు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని చెప్పే సంఖ్య) అన్నీ ఆర్డర్ లైన్‌లోకి కాపీ కావాలి. డేటాను రెండుచోట్ల పెట్టకూడదని చదువుకున్న విద్యార్థులు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తారు. వాదించనివ్వండి. ఆర్డర్ అనేది జరిగిపోయిన ఒక ఒప్పందానికి రికార్డు, కేటలాగ్ ఈరోజు పరిస్థితి అని వాళ్లంతట వాళ్లు తేల్చుకుంటే ఆ జట్టు మళ్లీ ఆ తప్పు చేయదు.

మూడోది, ఆర్డర్‌కు ఒకే ఒక్క స్టేటస్ గడి. పెండింగ్, పెయిడ్, షిప్డ్, డెలివర్డ్, రిఫండెడ్ అని వరసగా రాసేస్తారు. మూడు వస్తువుల ఆర్డర్‌లో రెండు వెళ్లి, ఒకటి రద్దయి, దాని డబ్బు సగంలో ఉంటే ఆ గడిలో ఏం రాయాలని అడగండి. చెల్లింపు, రవాణా, రిఫండ్ మూడింటికీ వేర్వేరు టేబుళ్లు ఉండి, ఒక్కోదానికి సొంత స్థితి ఉండాలి. ఏ స్థితి నుంచి ఏ స్థితికి వెళ్లవచ్చో కాగితం మీద బొమ్మ గీయించి, బాణం లేని దారిలో వెళ్లబోతే కోడ్ ఎర్రర్ ఇచ్చేలా రాయించండి. ప్రతి మార్పుకూ ఎప్పుడు, ఎవరు, ఎందుకు అన్న ఒక వరస హిస్టరీ టేబుల్‌లో పడాలి.

ఒకే చీర, ఇద్దరు కొనుగోలుదారులు

రెండో వారం మొత్తం నిల్వకే. ముందు ఏమీ చెప్పకుండా వాళ్లకు తోచినట్టు రాయనివ్వండి. నిల్వ చదువు, ఒకటి ఉందా చూడు, ఉంటే ఒకటి తీసి రాయి, ఆర్డర్ సృష్టించు. ప్రతి జట్టూ ఇలాగే రాస్తుంది, చేత్తో పరీక్షిస్తే పని కూడా చేస్తుంది. ఆ తర్వాత కే6 లాంటి లోడ్ టూల్‌తో అదే చీరకు 200 రిక్వెస్టులు ఒకేసారి పంపించండి. టేబుల్‌లో నిల్వ సరిగ్గా సున్నా ఉంటుంది, ఆర్డర్లు మాత్రం ఆరో ఏడో పడి ఉంటాయి. నిల్వ మైనస్‌లోకి పోయి ఉంటే కనీసం అనుమానం వచ్చేది. ఇక్కడ లెక్క చక్కగా కనిపిస్తూనే అబద్ధం చెబుతోంది, ఎందుకంటే ఏడుగురూ 1 అని చదివారు, ఏడుగురూ 0 అని రాశారు. ఈ ఫలితం ముందు పదిహేను నిమిషాలు ఆగి, ఏ రిక్వెస్ట్ ఎప్పుడు చదివిందో బోర్డు మీద కాలం వరసగా గీయించండి. కోర్సు మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే పదిహేను నిమిషాలివి.

సరిచేసే దారి చిన్నదే. విడిగా చదవడం మానేసి, అప్‌డేట్ స్టేట్‌మెంట్‌లోనే "నిల్వ ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు" అని షరతు పెట్టాలి. ఆపైన ఎన్ని వరసలు మారాయో చూడాలి. ఒకటి మారితే దొరికినట్టు, సున్నా అయితే అమ్ముడైపోయినట్టు. పోస్ట్‌గ్రెస్ మామూలు ఐసొలేషన్ స్థాయిలో (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఒకదానికొకటి ఎంత కనిపించాలన్న సెట్టింగ్) రెండో ట్రాన్సాక్షన్ మొదటిది ముగిసేదాకా ఆగి, షరతును కొత్త విలువతో మళ్లీ చూస్తుంది. అందుకే ఇది పని చేస్తుంది. వరసను ముందే లాక్ చేసి చదివే పద్ధతి కూడా చూపించండి, కానీ ఆ లాక్ పట్టుకుని పేమెంట్ గేట్‌వేకు (డబ్బు వసూలు చేసిపెట్టే బయటి సర్వీస్‌కు) కాల్ చేస్తే మిగతావాళ్లంతా క్యూలో నిలబడిపోతారని కూడా చూపించండి. బయటి సర్వీస్‌కు వెళ్లే కాల్ ఏదీ ట్రాన్సాక్షన్ లోపల ఉండకూడదు.

రెండో చిక్కు వెంటనే తగులుతుంది. ఒకరి కార్ట్‌లో చొక్కా, చీర, ఇంకొకరి కార్ట్‌లో చీర, చొక్కా. ఇద్దరూ ఒకేసారి కొంటే డెడ్‌లాక్, అంటే ఒకరి లాక్ కోసం ఇంకొకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఆగిపోవడం. పోస్ట్‌గ్రెస్ దాన్ని మామూలు సెట్టింగ్‌లో ఒక సెకను తర్వాత పసిగట్టి ఒక ట్రాన్సాక్షన్‌ను కొట్టేస్తుంది. కార్ట్‌లోని వస్తువులను ఐడీ వరసలో సర్ది, ఆ వరసలోనే నిల్వ తగ్గిస్తే ఈ బాధ పోతుంది.

తర్వాత రిజర్వేషన్. కార్ట్‌లో వేసినప్పుడు నిల్వ పట్టి ఉంచకూడదు, జనం కార్ట్‌లో వేసి మర్చిపోతారు. చెల్లింపు మొదలుపెట్టినప్పుడు 15 నిమిషాలు పట్టి ఉంచి, గడువు దాటితే వదిలెయ్యాలి. పదహారో నిమిషంలో డబ్బు వస్తే ఏం చేయాలన్నది ఈ వారమే నిర్ణయించుకుని రాసిపెట్టమనండి. సరుకు ఇంకా ఉంటే మళ్లీ పట్టుకోవడం, లేకపోతే రిఫండ్ మొదలుపెట్టి కొనుగోలుదారుకు చెప్పడం. వచ్చే వారాల్లో ఇది తప్పకుండా జరుగుతుంది.

చెల్లింపు: రెండు వారాలు కేటాయించాల్సిన చోటు

రేజర్‌పే అనే గేట్‌వే టెస్ట్ మోడ్ తీసుకుంటే నిజం డబ్బు లేకుండానే మొత్తం దారి నడిపించవచ్చు. వేరే గేట్‌వే అయినా నడక దాదాపు ఇలాగే ఉంటుంది. మన సర్వర్ ముందుగా గేట్‌వే దగ్గర ఒక ఆర్డర్ సృష్టించి దాని ఐడీని దాచుకుంటుంది. బ్రౌజర్‌లో చెల్లింపు పెట్టె తెరుచుకుంటుంది. కొనుగోలుదారు యూపీఐలోనో కార్డుతోనో కట్టాక, ఆర్డర్ ఐడీ, పేమెంట్ ఐడీ, ఒక సంతకం (వివరాలు ఎవరూ మార్చలేదని రుజువు చేసే కోడ్) బ్రౌజర్‌కు వస్తాయి. బ్రౌజర్ వాటిని మన సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ ఆర్డర్ ఐడీ, నిలువు గీత, పేమెంట్ ఐడీ కలిపి, సీక్రెట్ కీతో హెచ్‌మ్యాక్ షా-256 అనే సూత్రం ప్రకారం సంతకం లెక్కించి, వచ్చిన సంతకంతో పోల్చాలి. ఇక్కడ వాడే ఆర్డర్ ఐడీ మన డేటాబేస్‌లో దాచుకున్నది కావాలి, బ్రౌజర్ పంపింది కాదు. లేకపోతే పది రూపాయల ఆర్డర్‌కు కట్టిన సంతకాన్ని పదివేల చీరకు చూపించవచ్చు.

మొదటి ల్యాబ్‌లోనే తగిలే తప్పు: రేజర్‌పే మొత్తాన్ని పైసల్లో అడుగుతుంది. 500 అని పంపితే ఐదు రూపాయలే కట్ అవుతాయి. మొదటి వారం అంతా పైసల్లో పెట్టించినందుకు ఫలితం ఇక్కడ కనిపిస్తుంది.

రెండో తప్పు మొత్తాన్ని బ్రౌజర్ నుంచి తీసుకోవడం. డెవలపర్ టూల్స్ తెరిచి, ధర రూ. 8,000ను రూ. 1గా మార్చి, చీర కొని చూపించండి. బ్రౌజర్ నుంచి రావాల్సింది ఏ వస్తువు, ఎన్ని, ఏ కూపన్ అన్నంతవరకే. లెక్క అంతా సర్వర్‌ది.

అసలైన పాఠం వెబ్‌హుక్, అంటే గేట్‌వే మన సర్వర్‌కు నేరుగా పంపే కబురు. కొనుగోలుదారు డబ్బు కట్టి, మన పేజీకి తిరిగొచ్చేలోపు ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చు, రైల్లో సిగ్నల్ పోవచ్చు. యూపీఐలో ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు మారడమే ఉంటుంది కాబట్టి ఇది అరుదైన సంగతి కాదు. బ్రౌజర్ చెప్పినా చెప్పకపోయినా గేట్‌వే నేరుగా మన సర్వర్‌కు కబురు పంపుతుంది, ఆర్డర్ ఖరారు కావాల్సింది దానిమీదే. విద్యార్థి ల్యాప్‌టాప్‌లో నడిచే సర్వర్‌కు బయటి నుంచి దారి ఉండదు, ఎన్‌గ్రోక్ లాంటి టనెల్ పెట్టించండి.

వెబ్‌హుక్‌లో నాలుగు చోట్ల పడతారు. సంతకం సరిపోవడం లేదని వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా ఒకే కారణం వల్ల: ఫ్రేమ్‌వర్క్ జేసన్‌ను (కబురు వచ్చే టెక్స్ట్ రూపాన్ని) విప్పేసి ఇస్తుంది, వీళ్లు దాన్ని మళ్లీ స్ట్రింగ్ చేసి సంతకం లెక్కిస్తారు. ఒక ఖాళీ తేడా వచ్చినా సంతకం మారిపోతుంది. వచ్చిన బైట్లను విప్పకముందే లెక్కించాలి, అదీ ఏపీఐ కీతో కాకుండా వెబ్‌హుక్‌కు విడిగా పెట్టుకున్న సీక్రెట్‌తో. రెండోది, ఒకే కబురు రెండుసార్లు రావచ్చు. ఈవెంట్ ఐడీకి యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు పడకూడదని) పెట్టి టేబుల్‌లో దాచి, అప్పటికే ఉంటే ఏమీ చేయకుండా సరే అని చెప్పాలి. మూడోది, కబుర్లు వరస తప్పి వస్తాయి. "క్యాప్చర్ అయింది" (డబ్బు తీసుకున్నాం) ముందు, "ఆథరైజ్ అయింది" (బ్యాంకు ఒప్పుకుంది) తర్వాత రావచ్చు. స్థితుల బొమ్మలో వెనక్కి బాణం లేకపోతే ఇది దానంతటదే సర్దుకుంటుంది. నాలుగోది, కబురు అందగానే ఈమెయిల్ పంపి, బిల్లు పీడీఎఫ్ తయారుచేసి, అప్పుడు జవాబివ్వడం. అంతసేపు గేట్‌వే ఆగదు, విఫలమైందనుకుని మళ్లీ పంపుతుంది. టేబుల్‌లో రాసుకుని వెంటనే 200 (అందింది) అని జవాబిచ్చి, మిగతా పని వెనక క్యూలో చేయాలి.

ఆథరైజ్, క్యాప్చర్ తేడాను క్లాసులో విడిగా చెప్పండి. ఆథరైజ్ అయినా క్యాప్చర్ చేయని డబ్బు దుకాణానికి రాదు, గడువు దాటితే కొనుగోలుదారుకే తిరిగి వెళ్తుంది. ఆథరైజ్ అన్న కబురు చూసి చీర పార్సిల్ చేసేస్తే నష్టం దుకాణానిదే.

వెబ్‌హుక్ కూడా రాని రోజు ఉంటుంది. అందుకని ప్రతి 10 నిమిషాలకూ నడిచే ఒక పని రాయించండి: చెల్లింపు పెండింగ్‌లో 15 నిమిషాలు దాటిన ఆర్డర్లన్నీ తీసి, వాటి సంగతేమిటని గేట్‌వేను అడగాలి. దీన్ని పరీక్షించడానికి సర్వర్ ఆపేసి, టెస్ట్ చెల్లింపు ముగించి, ఐదు నిమిషాల తర్వాత సర్వర్ లేపండి. ఎవరూ ముట్టుకోకుండా ఆర్డర్ ఖరారైతే జట్టు పాసైనట్టు.

ఆర్డర్ బటన్ రెండుసార్లు నొక్కడం చిన్న విషయంలా ఉంటుంది. బటన్‌ను మసకబరిస్తే చాలదు, నెట్ నెమ్మదిస్తే బ్రౌజరో యాప్ కోడో రిక్వెస్ట్‌ను మళ్లీ పంపవచ్చు. చెకౌట్ తెరిచినప్పుడు ఒక ప్రత్యేక కీ పుట్టించి, ఆర్డర్ టేబుల్‌లో దానికి యూనిక్ నిబంధన పెట్టాలి. అదే కీతో రెండోసారి వస్తే మొదటి ఆర్డర్‌నే చూపించాలి.

కార్డు నంబర్లు దాచే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి. 2022 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం వ్యాపారులు కార్డు వివరాలు దాచకూడదు. కార్డు నంబర్‌కు బదులు వాడే టోకెన్ పద్ధతి గేట్‌వే చూసుకుంటుంది.

పన్ను: కోడ్ రానివాళ్లు రాసినట్టు కనిపించే కోడ్ ఇక్కడే పుడుతుంది

జీఎస్టీ సంగతి తర్వాత చూద్దామని వదిలేసిన ప్రాజెక్టు బయట పనికి రాదు. ఒకే రాష్ట్రంలో అమ్మితే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) చెరి సగం, రాష్ట్రం దాటితే ఒకే పన్నుగా ఐజీఎస్టీ. కాకినాడ నుంచి విజయవాడకు ఒక లెక్క, హైదరాబాద్‌కు ఇంకో లెక్క. మామూలు ఆర్డర్‌లో సరుకు చేరే చోటే కొలమానం. ఇది విన్న జట్లు వెంటనే పిన్ కోడ్ మొదటి అంకెలను చూసి రాష్ట్రం తేల్చేస్తాయి. 50 అయితే తెలంగాణ, 51 నుంచి 53 అయితే ఆంధ్రప్రదేశ్. అప్పుడు ఈ రెండు అడ్రస్‌లు ఇవ్వండి. ఒకటి యానాం, పిన్ 533464. అంకెలు చూస్తే గోదావరి జిల్లా, కానీ అది పుదుచ్చేరి. ఆంధ్రప్రదేశ్ జీఎస్టీ కోడ్ 37, పుదుచ్చేరి కోడ్ 34, కాబట్టి ఐజీఎస్టీ. రెండోది చింతూరు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఈ మండలం పిన్ ఇప్పటికీ 507తో మొదలవుతుంది, ఆ వరస ఖమ్మంది. అంటే రాష్ట్రాన్ని అడ్రస్‌లో విడిగా ఎంచుకునేలా పెట్టాలి. పిన్‌ను రాష్ట్రం ఊహించడానికి వాడొచ్చు, తేల్చడానికి వాడకూడదు.

ఇక చొక్కాలు. రెడీమేడ్ దుస్తులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో పీసు అమ్మకం విలువ రూ. 2,500 దాటకపోతే 5 శాతం, దాటితే 18 శాతం. పన్నుకు ముందు ధర రూ. 2,600 ఉన్న చొక్కా తీసుకోండి. 18 శాతం అంటే రూ. 468, మొత్తం రూ. 3,068. దుకాణం రూ. 150 కూపన్ ఇచ్చింది. విలువ రూ. 2,450కి దిగింది, రేటు 5 శాతానికి మారింది, పన్ను రూ. 122.50, మొత్తం రూ. 2,572.50. నూటయాభై కూపన్‌కు బిల్లు రూ. 495.50 తగ్గింది. రేటును ప్రొడక్ట్ టేబుల్‌లో గడిగా పెట్టుకున్న జట్లన్నీ ఇక్కడ తప్పు బిల్లు ఇస్తాయి. రేటు తేలేది డిస్కౌంట్ పోయాక, ఒక్కో పీసు విలువను బట్టి, ఆ రోజున అమల్లో ఉన్న నిబంధన ప్రకారం. కాబట్టి రేట్ల టేబుల్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్న గడులు తప్పనిసరి.

పన్ను కలిపిన ధరలతో పని చేసే జట్టుకు ఇంకో లెక్క ఇవ్వండి. పన్నుతో కలిపి రూ. 2,800 అన్న చొక్కాకు రేటు ఎంత? 5 శాతం అనుకుని వెనక్కి లెక్కిస్తే అసలు విలువ రూ. 2,666.67, అంటే 2,500 దాటింది, 5 శాతం చెల్లదు. 18 శాతం అనుకుంటే విలువ రూ. 2,372.88, దాటలేదు, 18 శాతం చెల్లదు. రూ. 2,625 దాటి రూ. 2,950 వరకు ఉన్న ఏ ధరకూ ఈ లెక్క కుదరదు. కొందరి కోడ్ ఇక్కడ ఆగని లూప్‌లో పడుతుంది. పన్నుకు ముందు ధరనే దాచుకుని, కూపన్‌ను కూడా దానిమీదే తీసేస్తే ఈ ఖాళీ తగలదు. కలిపిన ధరే కావాలంటే అడ్మిన్ పేజీలో ఈ మధ్య ధరలను ఒప్పుకోకూడదు.

డిస్కౌంట్‌ను లైన్ల మీద పంచడం కూడా చేయించండి. ఒకే ధర ఉన్న మూడు చొక్కాలకు కలిపి రూ. 100 కూపన్. మూడుతో భాగిస్తే రూ. 33.33 చొప్పున 99.99 అవుతుంది, ఒక పైసా మాయం. 3,334, 3,333, 3,333 పైసలుగా పంచి ఆర్డర్ లైన్‌లో దాచాలి. అందులో ఒక చొక్కా తిరిగొస్తే ఎంత ఇవ్వాలో అప్పుడే తెలుస్తుంది. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలకు మొత్తం పన్నును రెండుగా విరిచేబదులు సగం రేటుతో ఒకటి లెక్కించి రెండోదానికీ అదే వాడితే బేసి పైసా గొడవ ఉండదు.

బిల్లు నంబర్ 16 అక్షరాలకు మించకూడదు, ఆర్థిక సంవత్సరంలో వరసగా, మళ్లీ రాకుండా ఉండాలి. డేటాబేస్ సీక్వెన్స్ వాడితే రోల్‌బ్యాక్ అయినప్పుడల్లా ఒక నంబర్ ఎగిరిపోతుంది. చిన్న కౌంటర్ టేబుల్‌లో ఆ ఏడాది వరసను లాక్ చేసి, బిల్లు పడే ట్రాన్సాక్షన్‌లోనే పెంచాలి. టైమ్‌ను యూటీసీలో (భారత కాలానికి 5:30 గంటలు వెనకుండే ప్రపంచ కాలమానంలో) దాచినా ఆర్థిక సంవత్సరాన్ని భారత కాలమానంలో తేల్చాలి. లేకపోతే ఏప్రిల్ 1 అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 వరకు పడిన బిల్లులన్నీ పాత ఏడాదిలోకి పోతాయి.

క్యాష్ ఆన్ డెలివరీ, రిటర్నులు

విద్యార్థులు క్యాష్ ఆన్ డెలివరీని తేలిగ్గా తీసుకుంటారు, ఆన్‌లైన్ చెల్లింపు కన్నా కోడ్ తక్కువ కదా అని. డబ్బు లేకుండానే సరుకు బయల్దేరుతుంది కాబట్టి ఆర్డర్ ఖరారుకూ చెల్లింపుకూ సంబంధం తెగిపోతుంది. ఖరారైంది, పంపించాం, చేరింది, కొరియర్ డబ్బు తీసుకుంది, కొరియర్ మనకు కట్టింది: ఇవి వేర్వేరు తేదీల్లో జరిగే వేర్వేరు సంగతులు. కొరియర్ కంపెనీ ఒకేసారి చాలా ఆర్డర్ల డబ్బు కలిపి, తన ఖర్చులు పట్టుకుని బ్యాంకులో వేస్తుంది. గేట్‌వే కూడా అంతే. రుసుము 2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే రూ. 1,000కి దుకాణానికి చేరేది రూ. 976.40. బ్యాంకులో పడిన మొత్తాన్ని ఏయే ఆర్డర్లదో విడగొట్టి జతచేసే సెటిల్‌మెంట్ టేబుల్ ఒకటి తప్పక కట్టించండి. ఎక్కువ కోర్సులు ముట్టుకోని భాగం ఇదే, దుకాణదారు ప్రతి వారం అడిగేదీ ఇదే.

తలుపు దగ్గర వద్దన్న పార్సిల్ వెనక్కి వస్తుంది. స్టేటస్ మారగానే నిల్వ పెంచితే, ఇంకా లారీలో ఉన్న చీరను ఇంకొకరికి అమ్మినట్టే. దుకాణానికి చేరి, విప్పి చూసి, బాగుందని గుర్తు పెట్టాకే నిల్వలో కలపాలి. పాడైతే వేరే లెక్కలోకి వెళ్లాలి.

వెతుకులాట

ఆరో వారం నుంచి పేజీలు మొదలవుతాయి. అందులో తెలుగు సెర్చ్‌కు ఒక క్లాసు ఇవ్వండి. "సాఫ్ట్‌సిల్క్" అని కేటలాగ్‌లో ఉంటే "సాఫ్ట్సిల్క్" అని టైప్ చేసినవాళ్లకు దొరకదు. మొదటిదాంట్లో ట వత్తు కింద స చేరకుండా ఆపే కనిపించని అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉంది. ఐత్వం గుర్తు కూడా యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, రెండు ముక్కలుగానూ ఉండవచ్చు. దాచేటప్పుడూ వెతికేటప్పుడూ రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ముక్కలను ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ పద్ధతిలోకి) మార్చి, ఆ కనిపించని అక్షరాన్ని తీసెయ్యాలి. ఆపైన జాందానీ, జమ్దానీ, జామ్దాని అని జనం రాసే రూపాలకు, ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసే రూపాలకు పర్యాయపదాల పట్టిక పెట్టాలి.

చట్టం అడిగేవి

2020 ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాబట్టి ఫిర్యాదుల టేబుల్‌లో ఈ రెండు గడువులూ ఉండాలి. కొనుగోలుదారు అంగీకారం అడిగే చెక్‌బాక్సులకు ముందే టిక్ పెట్టి ఉంచకూడదు. 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (కొనుగోలుదారును ఏమార్చే డిజైన్ల) మార్గదర్శకాలు, అడగకుండా కార్ట్‌లో విరాళమో ఇన్సూరెన్సో కలపడాన్ని, లేని తొందర పుట్టించడాన్ని నిషేధిస్తాయి. కోడ్‌లో "ఇంకా 2 మాత్రమే ఉన్నాయి" అని ఊరికే రాసి చూపించే జట్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాయి. ఆ సంఖ్య నిల్వ టేబుల్ నుంచి రాకపోతే మార్కులు కోసెయ్యండి.

మార్కులు, చివరి పరీక్ష

వందలో చెల్లింపుకు 30, నిల్వకు 20, పన్ను, డిస్కౌంట్లకు 20, రిటర్నులు, సెటిల్‌మెంట్‌కు 15, భద్రతకు 10, పేజీలకు 5. పేజీలకు ఐదే అని మొదటి రోజే చెప్పండి, లేకపోతే రంగుల మీద రాత్రుళ్లు పోతాయి.

పరీక్ష రోజు డెమో చూపించమనకండి. ప్రతి జట్టు సర్వర్ మీదా మీరే ఒక స్క్రిప్ట్ నడపండి. ఐదు చొక్కాలున్న వేరియంట్‌కు 50 రిక్వెస్టులు ఒకేసారి వెళ్లాలి, సరిగ్గా ఐదు ఆర్డర్లే పడాలి. ఒకే వెబ్‌హుక్ మూడుసార్లు, ఆపైన సంతకం తప్పున్నది ఒకటి. గడువు దాటాక వచ్చిన చెల్లింపు. యానాం అడ్రస్. కూపన్ వాడిన మూడు చొక్కాల్లో ఒకటి రిటర్న్. ఇంకొకరి లాగిన్‌తో ఆర్డర్ పేజీ యూఆర్‌ఎల్‌లో నంబర్ మార్చి చూడటం. ఈ ఆఖరిది చాలా జట్లను పడగొడుతుంది, ఎందుకంటే లాగిన్ అయ్యారా అని చూస్తారే తప్ప ఈ ఆర్డర్ వీళ్లదేనా అని చూడరు.

తర్వాత నోటి పరీక్ష. ఒక జట్టు డేటాబేస్‌ను ఇంకో జట్టుకు ఇచ్చి, ఏదో ఒక ఆర్డర్ నంబర్ చెప్పి, దాని డబ్బు ఇప్పుడెక్కడుంది, సరుకు ఇప్పుడెక్కడుంది అని అడగండి. కోడ్ చూడకుండా, టేబుళ్లు మాత్రమే చూసి 10 నిమిషాల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే మార్కులు తగ్గేది టేబుళ్లు కట్టిన జట్టుకు.

గిట్ హిస్టరీలో (కోడ్ మార్పుల రికార్డులో) గేట్‌వే సీక్రెట్ కీ ఎక్కడైనా ఉందేమో కూడా అదే రోజు వెతకండి. చివరి కమిట్‌లో (అక్కడ నమోదైన మార్పులో) తీసేసినా పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. కనిపిస్తే గేట్‌వే డాష్‌బోర్డ్‌లో కొత్త కీ తీసుకుని, పాతది పనిచేయకుండా చేయించి, కొత్త దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట ఉండే సెట్టింగ్‌లో) పెట్టించి, స్క్రిప్ట్ మళ్లీ మొదటి నుంచి నడపండి.